అక్క పేరు పక్కన ముళ్లకంచె

అక్క కూతురి పెళ్లి కుదిరిన కొత్తల్లో, పూతలపట్టు పక్కన అక్కవాళ్ళ ఊరికి వెళితే నడవ నిండా కాగితాలు. ఎవరికి చీర పెట్టాలి, ఎవరికి పంచె పెట్టాలి, ఎవరికి రవికగుడ్డతో సరిపెట్టాలి అని రాయడం, తప్పు పోయిందని చించడం, మళ్ళీ మొదట్నుంచి రాయడం. చూస్తూ ఊరుకునే ఓపిక నాకు పుట్టుకతోనే లేదు. బ్యాగులోంచి ల్యాప్‌టాప్ తీసి అక్క ముందు పెట్టుకుని కూర్చున్నాను.

"నువ్వు సెప్పుక్కా, నేను కొడతా" అన్నాను.

నా ఉద్యోగం ఏర్పేడు దారిలో ఒక ఫ్యాక్టరీ స్టోర్సులో. తిరుపతి నుంచి రోజూ పోయి వస్తాను. అక్కడ నేను రోజంతా చేసే పని ఒకటే: ఒక షీట్‌లో ఉన్న కోడ్ పట్టుకుని ఇంకో షీట్‌లో దానికి సంబంధించిన సరుకు ఏదో, అది ఏ అరలో ఉందో వెతికి తెచ్చుకోవడం. కళ్ళు కాయలు కాసేలా వెతకక్కర్లేదు. వీలుకప్ అని ఒక ఫార్ములా ఉంది. దేన్ని వెతకాలో, ఏ పట్టికలో వెతకాలో, దొరికాక ఏ కాలమ్‌లోది తేవాలో దానికి చెప్పాలి. చివరగా, అచ్చంగా అదే కావాలా, దగ్గరిదైనా చాలా అన్నది కూడా చెప్పాలి. అచ్చంగా అదే కావాలంటే చివర్లో సున్నా కొట్టాలి. ఇక అది మొదటి కాలమ్‌లో పైనుంచి కిందికి చూసుకుంటూ పోయి, మొదట దొరికిన చోట ఆగిపోతుంది. పక్క గడిలో ఉన్నది తెచ్చి చేతిలో పెడుతుంది. ఆ కింద ఇంకా ఏముందో దానికి అనవసరం.

ఆ మధ్యాహ్నం అక్క చెబుతూ పోయింది, నేను కొడుతూ పోయాను. ఒక షీట్‌లో మనుషులు, వాళ్ళ వరసలు. ఇంకో షీట్‌లో ఏ వరసకు ఏం పెట్టాలి. ఫార్ములా రాసి కిందిదాకా లాగితే, ప్రతి పేరు పక్కనా చీర, పంచె, రవికగుడ్డ అని టపటపా వచ్చి పడ్డాయి. అక్క నోరు తెరుచుకుని చూసింది. నేను కాలరు ఎగరేయడమే తక్కువ.

ఆ గర్వం ఎంతోసేపు నిలవలేదు. మా అక్క మొగుడు మా అమ్మకు సొంత తమ్ముడు. మా వైపు ఇది మామూలే, మేనమామ ఉన్న ఇంట్లో పిల్లను బయటికి ఇవ్వరు. అమ్మ వైపు నుంచి చూస్తే ఆయన నాకు మేనమామ, అక్క వైపు నుంచి చూస్తే బావ. నేను ఏ రోజూ ఆయన్ని బావా అని పిలవలేదు, నోరు తిరగలేదు. అక్క కూడా పెళ్లికి ముందు మామా అనేది, పెళ్లయి పిల్ల పుట్టాకా మామా అనే అనేది. వంటింట్లోంచి "మామా, అన్నం పెట్టేసినా" అని అక్క కేకేస్తే, నేను అక్కడ ఉన్నప్పుడు, అది నా గొంతే అనుకుని మామ నాకు జవాబు చెప్పేవాడు. మా ఇద్దరి గొంతులూ ఒకటే.

అలాంటి ఇంట్లో మనుషులకు రెండేసి వరసలు ఉంటాయి. షీట్‌లో కొందరి పేర్లు మామ వైపు నుంచి ఒకసారి, అక్క వైపు నుంచి ఒకసారి పడ్డాయి. పరీక్షకని, నాకు ఎవరు ఏమవుతారో వెతకమని ఫార్ములాకు చెప్పాను. అది మామ వైపు లైను దగ్గరే ఆగిపోయి, నా చేతుల్లో పెరిగిన అక్క కూతుర్ని నాకు మరదలని తేల్చింది.

అక్క కడుపు పట్టుకుని నవ్వింది. "నా కూతుర్ని నీకు మరదల్ని సేసినావు కదే! ఒగ మనిషికి ఒగ వరసేనా మీ కంప్యూటర్లో?"

"మొదట కనపడిందే తెస్తాదిక్కా. రొండోది ఉండాదని దానికి తెలీదు."

"అట్లయితే అది మన ఇంట్లో కాపురం సెయ్యలేదులే" అంది అక్క.

మామ గడపలో నిలబడి ఇదంతా విన్నాడు. ఎక్కువ మాట్లాడే మనిషి కాదు. "నన్ను ఏమని రాసినావు పాపా?" అని మాత్రం అడిగాడు. నన్ను ఆయన ఈ వయసులోనూ పాపా అనే అంటాడు. మామ అనే రాశానన్నాను. తలూపి ఆవుల దగ్గరికి వెళ్ళిపోయాడు.

ఆడవాళ్ళ పేర్ల పక్కన 'పుట్టిల్లు' అని ఒక కాలమ్ ఉండి తీరాలని పట్టుబట్టింది అక్కే. పెళ్లికూతురి తల్లికి పుట్టింటివాళ్ళు చీర తెస్తారు, తెచ్చినవాళ్ళకు మనం తిరిగి పెట్టాలి, అది తప్పితే మాట పడాలి. అందుకని పుట్టింటి పెద్ద ఎవరో ఇంకో షీట్‌లోంచి వెతికి తెచ్చే ఫార్ములా ఆ కాలమ్‌లో పెట్టాను. అక్క పేరు పక్కన నాయన పేరు వచ్చింది. అమ్మ అంతకుముందే పోయింది, మాకు అన్నదమ్ములు లేరు. నాయన ఒక్కడే మా పుట్టిల్లు.

పెళ్లి రోజు నాయన మోకాళ్ళ నొప్పితోనే తట్ట పట్టుకుని పందిట్లోకి వచ్చాడు. ఎవరైనా సాయం పట్టబోతే కసురుకున్నాడు. తట్టలో ఆకుపచ్చ చీర, పసుపుకొమ్ములు, పూలు, గాజులు. అక్క ఆ చీర కట్టుకుని కూతురి పక్కన నిలబడింది. ఫోటోల్లో కూతురికంటే అక్కే ఎక్కువ వెలిగిపోతూ ఉంటుంది.

మరుసటి ఏడు నాయన పోయాడు. చివరి రోజుల్లో తిరుపతిలో మా దగ్గరే ఉన్నాడు, బాధపడకుండా వెళ్ళాడు. కర్మలయ్యాక ఎవరింట్లోనో శుభకార్యానికి ఆ షీట్ మళ్ళీ బయటికి తీశాం. పోయినవాళ్ళ పేరు మీద పంచె లెక్కకు రాకూడదు, ఆ లైను తీసెయ్యమంది అక్క. తీసేశాను. ఆఫీసులోనూ అంతే, వాడకం ఆగిపోయిన సరుకు లైను తీసేస్తాం.

ఆ తరువాత అక్కకు జబ్బు చేసింది. కిడ్నీలు దెబ్బతిన్నాయన్నారు. వారం వారం తిరుపతి ఆసుపత్రికి రావాలి కాబట్టి చాలా రోజులు మా ఇంట్లోనే ఉంది. మామ తీసుకొచ్చి దింపి, ఆవులున్నాయని వెళ్ళి, మళ్ళీ వచ్చేవాడు. అక్క సన్నబడిపోయింది. ముఖం మాత్రం ఉబ్బింది. నీళ్ళు కూడా కొలిచి తాగాలని చెబితే, "నీళ్ళకు కూడా రేషనా?" అని డాక్టరునే వేళాకోళం చేసింది. ఆ వేళాకోళం చూస్తే నాకు ఏడుపొచ్చేది, ఏడుపొస్తే కోపం వచ్చేది, ఆ కోపం మా ఆయన మీద చూపించేదాన్ని.

ఒక సాయంత్రం అక్కకు పొద్దుపోవడం లేదని, ఆ పాత షీట్ తెరిచి ఒళ్ళో పెట్టాను. ఒక్కో పేరూ చదువుకుంటూ, వీళ్ళు ఇట్లా, వాళ్ళు అట్లా అని ముచ్చట్లు చెప్పుకుంటూ కిందికి వచ్చింది. తన పేరు దగ్గర వేలు ఆగిపోయింది.

"ఇదేందిమే, నా పేరు పక్కన ముళ్లకంచె మాదిరి?"

చూశాను. 'పుట్టిల్లు' గడిలో నాయన పేరు లేదు. అడ్డగీతలూ నిలువుగీతలూ కలిసిన గళ్ళ గుర్తు, దాని వెనక రెండు ఇంగ్లీషు అక్షరాలు. వెతికినది దొరక్కపోతే ఫార్ములా చూపించేది అదే. కింద నా పేరు పక్కనా అదే కంచె.

"ఎర్రర్ అక్కా. దొరకలేదని అర్థం."

"అవును గదా" అంది అక్క. "నాయన పొయినాడు. నాకింక పుట్టిల్లు యాడ ఉండాది?"

ఆ ఎర్రర్ కనపడకుండా చేయడం నాకు చిటికెలో పని. ఇంకో చిన్న ఫార్ములా చుట్టబెడితే ఆ గడి ఏమీ ఎరగనట్టు తెల్లగా, ఖాళీగా ఉంటుంది. చెయ్యబోతే అక్క నా చెయ్యి పట్టుకుంది.

"ఉండనీ. లేనిది లేదని సెప్తా ఉండాది పాపం. దాన్నెందుకు నోరు మూయిస్తావు?"

తరువాత అమ్మ పోయిన రోజు గుర్తుచేసింది. అమ్మ ముత్తైదువగా పోయింది. అలా పోయినామెకు పసుపునీళ్ళు పోసి, పూలు పెట్టి, పుట్టింటివాళ్ళు తెచ్చిన కొత్త చీర కట్టి పంపాలి. ఆ రోజు మామ, అమ్మకు తమ్ముడిగా, ఎర్రంచు పసుపుపచ్చ చీర తెచ్చాడు. వాకిలి బయటే నిలబడి "అక్కా" అని ఒకే ఒక్క కేక పెట్టాడు. ఊరంతా ఏడ్చింది.

"అమ్మ ఎంత కళగా పొయినాదో" అంది అక్క. "నేనూ ముందరే పోతాను గదా. మీ మామ ఉండంగానే. నాకు పుట్టింటి చీర ఎవురు తెస్తారు?"

"పిచ్చి మాటలు మాట్లాడినావంటే పళ్ళు రాలగొడతా" అన్నాను. "నేను లేనా? నేను తెస్తా."

"నువ్వు కూడా నా మాదిరే బయటింటికి పొయినదానివి. నువ్వు తెస్తే సెల్లెలు పెట్టిన సీర అయితాది. నాకు పుట్టింటి సీర కావాల."

అంత బతుకు బతికిన మా అక్క అడిగింది అదొక్కటే. బంగారం అడగలేదు, ఇంకో ఆసుపత్రికి తీసుకుపొమ్మని అడగలేదు. నవ్వుతూ అడిగినా, అందులో నవ్వు ఏమీ లేదని నాకు తెలుసు.

మామిడికాయల కాలంలో ఒక పొద్దున ఫోన్ మోగింది. మామ. "పాపా, వచ్చేయ్" అన్నాడు. ఇంకేమీ చెప్పాల్సిన పని లేదు.

పూతలపట్టు క్రాసులో మామిడికాయల ట్రాక్టర్లు వరసగా ఆగి ఉన్నాయి. మా కారుకు దారి ఇవ్వలేదని ఎవరి మీదో అరిచాను. ఆ మనిషి నా ముఖం చూసి ట్రాక్టరు పక్కకు తీశాడు. ఇంటి ముందు షామియానా వేసేశారు, చావు డప్పుకు పలకలు కొట్టేవాళ్ళు వచ్చి ఉన్నారు. అక్కను వాకిట్లో మంచం మీద పడుకోబెట్టారు. అక్క కూతురు నన్ను చూసి "చిన్నమ్మా" అని వచ్చి మీద పడింది. మామ అరుగు మీద కూర్చుని ఉన్నాడు. కళ్ళలో నీటిచుక్క లేదు. నన్ను చూసి, చూడనట్టే తల తిప్పుకున్నాడు.

ఇలాంటి పనులన్నీ దగ్గరుండి చేయించేది మామకు పిన్నమ్మ వరసయ్యే ముసలావిడ. మాకు అవ్వ. ఆమె పసుపు నూరిస్తూనే అడిగింది, "పుట్టింటి సీర ఎవురు తెస్తారమ్మే? పొద్దు దిగేలోపల ఎత్తాల."

"నేను తెస్తానవ్వా" అన్నాను.

"నువ్వు ఆడకూతురివి. అదెట్ల సెల్లుతాది?"

"ఎందుకు సెల్లదు? ఆమె పుట్టిన కడుపునే గదా నేనూ పుట్టింది?"

"నన్నడిగితే ఏం సెప్పేది? నేను పెట్టినానా ఈ కట్టుబాట్లు?" అంది అవ్వ. ఆమె మాటల్లోనూ ఏడుపే ఉంది, నాకది అప్పుడు వినపడలేదు. ఈ పద్ధతులు పెట్టినవాళ్ళ తాతముత్తాతలనందరినీ మనసులో తిట్టుకున్నాను.

ఎవరో అన్నారు, నాయన వైపు దాయాది ఒకాయన చిత్తూరులో ఉన్నాడు, ఫోన్ చేస్తే గంటలో వస్తాడు, దగ్గరోడే గదా అని. ఇంకొకరు ఇంకో పేరు చెప్పారు. ఫార్ములా చివర సున్నా కొట్టకుండా వదిలేస్తే ఇదే జరుగుతుంది. అడిగినది లేకపోతే, దగ్గర్లో ఉన్నదేదో ఒకటి తెచ్చి, అదే అసలుది అన్నట్టు పెడుతుంది. ఆఫీసులో అలా ఒక బోల్టుకు బదులు ఇంకో బోల్టు వచ్చి పడితే వెనక్కి పంపిస్తాం. ఇక్కడ పడుకుని ఉన్నది మా అక్క. నాయన చనిపోతే చూడ్డానికి కూడా రాని మనిషి చేత్తో మా అక్కకు చీరా?

"వద్దు" అన్నాను. అరిచినట్టున్నాను, పలకలు కూడా ఆగాయి.

అక్క కూతురు నా చెయ్యి పట్టుకుంది. "చిన్నమ్మా, ఏదో ఒగటి సెయ్యి. అమ్మ నాకూ సెప్పింది. మా నాయనకూ సెప్పింది."

ఏం చెయ్యను? పక్కకు వెళ్ళి ఫోన్‌లో ఆ షీట్ తెరిచాను. నాయన వైపు మగవాళ్ళు ఎవరైనా మిగిలారేమోనని పైనుంచి కిందిదాకా చూశాను. అచ్చంగా కావలసినవాళ్ళు ఎవరూ లేరు. అక్క పేరు పక్కన కంచె అలాగే ఉంది. బతికున్నప్పుడు అడిగిన ఒక్క కోరికా తీర్చలేకపోతున్నానే అని గోడకు ఆనుకుని ఏడ్చాను.

అవ్వ కేక వినపడింది. "వీడు యాడికి పొయినాడు?"

అరుగు మీద మామ లేడు. బండి లేదు. పెళ్ళాం వాకిట్లో ఉంటే మొగుడు ఎక్కడికి పోయాడని గుసగుసలు మొదలయ్యాయి. స్నానం చేయించే వేళయింది. దుఃఖం తట్టుకోలేక ఎటైనా వెళ్ళాడేమోనని భయపడ్డాను. చేనువైపు మనిషిని పంపారు.

కాసేపటికి బండి వచ్చింది. అది ఇంటిదాకా రాలేదు, వీధి మలుపులోనే ఆగింది. మామ అక్కడ్నుంచి నడిచి వచ్చాడు. భుజాన కొత్త కండువా. చేతిలో తట్ట. తట్టలో ఎర్రంచు పసుపుపచ్చ చీర, పసుపు, కుంకుమ, పూలు, గాజులు. షామియానా దాకా వచ్చి, లోపలికి అడుగుపెట్టకుండా బయటే నిలబడ్డాడు. తన ఇంటి ముందు తానే పరాయి ఊరి మనిషిలా నిలబడ్డాడు.

"పాపా" అని నన్ను పిలిచాడు. "తట్ట అందుకో. పుట్టింటి సీర తెచ్చినా."

అవ్వే నోరు తెరిచింది. "మొగుడు తెస్తే అది మెట్టినింటి సీర అయితాది గదప్పా. పుట్టింటి సీర ఎట్లయితాది?"

"మొగుడు ఆ అరుగు మీద కూచోనుండాడు, సూడు పిన్నమ్మా" అన్నాడు మామ, ఖాళీ అరుగు వైపు చెయ్యి చూపించి. "ఇప్పుడు వచ్చినోడు దీని మేనమామ. మా అక్క పురిటికి వచ్చినప్పుడు ఈ నడవలోనే గదా ఇది పుట్టింది? మంత్రసాని మొదట నా ఒళ్ళోనే పెట్టె. ఇది పెద్దమనిషి అయితే పచ్చాకు గుడిసె కట్టింది నేను. పెండ్లినాడు మాత్రం మేనమామగా పందిట్లోకి ఎత్తకరాలేకపొయినా. ఆ పొద్దు నేను పీటల మీద కూచోనుంటి. ఇంకొగడు ఎత్తకచ్చినాడు. ఆ ఒగటి బాకీ ఉండిపాయ. మా అక్క లేదు, మా బావ లేడు. ఆ ఇంటి తరఫున మిగిలినోణ్ణి నేనే. నన్ను రానియ్యండి."

అవ్వ చీర చెంగు నోట్లో కుక్కుకుంది. నేను వెళ్ళి తట్ట అందుకున్నాను. పుట్టింటి నుంచి వచ్చినవాళ్ళకు ఇచ్చినట్టే కాళ్ళకు నీళ్ళిచ్చాను. ఆయన కాళ్ళు కడుక్కుని లోపలికి వచ్చి మంచం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

కాపురం చేసినన్నాళ్ళూ మామ అక్కను "ఏమే" అని పిలిచాడు, "ఇదిగో" అని పిలిచాడు. మేము చిన్నపిల్లలుగా ఉన్నప్పుడు, పండగలకూ జాతరలకూ ఈ ఇంటికి వచ్చినప్పుడు, ఇంకో పిలుపు ఉండేది. పెళ్లయ్యాక అది ఎవరి చెవినా పడలేదు.

"అమ్మణ్ణీ" అన్నాడు. "సూడు, మీ మామ వచ్చినాడు. సీర తెచ్చినాడు సూడు, అమ్మణ్ణీ."

అప్పుడు ఏడ్చాడు. ఆ ఏడుపు గురించి నేను రాయలేను.

అక్కకు ఆ చీరే కట్టాం. కొంగు సర్దింది నేనే. అచ్చం అమ్మలాగే ఉంది. పందిట్లోంచి ఎత్తేటప్పుడు, మేనమామగా మామ తల వైపు పట్టుకున్నాడు. వీధి మలుపు దాకా అలాగే నడిచాడు. మలుపులో ఆ కొత్త కండువా తీసి నా చేతికిచ్చి, అక్కడ్నుంచి మొగుడిగా నిప్పుకుండ అందుకున్నాడు.

పెద్దకర్మ అయ్యాక తిరుపతికి వచ్చి, ఆఫీసుకు పోవడం మొదలుపెట్టాను. కోడ్ ఇవ్వడం, సరుకు వెతికి తేవడం. ఎక్కడ ఎర్రర్ కనపడినా కళ్ళు మసకబారేవి. పక్క సీటు అమ్మాయి స్క్రీన్ ఎక్కువ చూస్తున్నారు మేడమ్, కళ్ళజోడు మార్చుకోండి అని సలహా ఇచ్చింది. మార్చుకుంటానన్నాను.

ఒక ఆదివారం ధైర్యం చేసి ఇంట్లో ఆ షీట్ తెరిచాను. పోయినవాళ్ళ లైను తీసెయ్యడం మా పద్ధతి, అది పెట్టింది అక్కే. నా చెయ్యి రాలేదు. అక్క లైను అలాగే ఉంచి, 'పుట్టిల్లు' గడిలో ఫార్ములా చెరిపేసి మామ పేరు చేత్తో కొట్టాను. కంచె పోయింది. నా పేరు పక్కన కంచె అలాగే ఉంది, దాన్ని ముట్టుకోలేదు.

సాయంత్రం మామకు ఫోన్ చేశాను. తిన్నావా, ఆవులు ఎట్లా ఉన్నాయి అని అడిగాను. అన్నిటికీ ఊఁ అన్నాడు. చివరికి తానే అడిగాడు.

"పాపా, తన పేరు పక్కన కంచె ఉండాదని అది సెప్తా ఉండె. తీసేసినావా?"

"తీసేసినా మామా."

"ఏమని రాసినావు?"

"నీ పేరే రాసినా. మేనమామ అని."

అవతల ఆవు మెడలో గంట చప్పుడు ఒక్కటే వస్తోంది. ఫోన్ కట్టయిందేమోనని, "మామా" అన్నాను. పలకలేదు. మళ్ళీ, "మామా" అన్నాను.

"వినపడతా ఉండాదిలే" అన్నాడు. "నువ్వు పిలస్తా ఉంటే లోపల్నుంచి అది పిలిసినట్టే ఉండాది. ఇంగ నన్ను మామా అనేదానికి నువ్వొగదానివే గదా. ఏం పని లేకపోయినా సరే, రోజూ ఒగసారి ఫోన్ సేసి పిలువు పాపా."